ఈసారి రిటర్న్ టికెట్ ఒక్కటే

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఏడాదిలో కాలాలు రెండే అని మా సైట్లో ఒక సామెత ఉంది. ఒకటి వెకేషన్‌కి ముందు, రెండోది వెకేషన్ తర్వాత. ఎండ, చలి లెక్కలోకి రావు. వెకేషన్‌కి ముందు ఎంత ఎండైనా ఒంటికి తెలియదు. వెకేషన్ అయ్యాక ఎంత చల్లగా ఉన్నా మనసుకి పట్టదు.

నేను షార్జాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లెటూరు. సివిల్ డిప్లొమా చేసి, రెండేళ్ళు కరీంనగర్‌లో పనిచేసి ఇటు వచ్చాను. మొదట్లో క్యాంపులో ఎనిమిదిమంది గదిలో ఉన్నాను. తర్వాత జీతం కొంచెం పెరిగింది. 2019లో ఇక్కడి ప్రభుత్వం ఫ్యామిలీ వీసా నిబంధన మార్చి, ఉద్యోగం పేరు కాకుండా జీతం చూడటం మొదలుపెట్టింది. నెలకి 4 వేల దిర్హాములు ఉన్నా, లేదా 3 వేలు ఉండి కంపెనీ ఇల్లు ఇచ్చినా భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చన్నారు. ఆ ఏడాది చివర్లో మా ఇంటామెను, రెండేళ్ళ బిడ్డను తెచ్చుకున్నాను. మధ్యలో కరోనా వచ్చింది, పోయింది. తర్వాత కొడుకు పుట్టాడు. ఇప్పుడు బిడ్డకి ఎనిమిదో ఏడు, మూడో తరగతి. చిన్నోడికి మూడున్నర.

ఈ జులైలో నలుగురం ఊరికి పోతున్నాం. రెండేళ్ళ తర్వాత పోవడం. అందరిళ్ళలో ఉండే హడావిడే మా ఇంట్లోనూ ఉంది. ఒక్క తేడా ఏమిటంటే, నలుగురం పోతున్నాం గానీ తిరిగొచ్చేది నేనొక్కణ్ణే. ఈ మాట మా పిల్లలకి చెప్పడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల సంగతే రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఎవరికైనా పనికొస్తుందేమోనని.

మంచం కింద డబ్బా

ప్రతి గల్ఫ్ ఇంట్లో లాగే మా ఇంట్లో కూడా మే నెల రాగానే మంచం కింద ఒక అట్టడబ్బా వెలుస్తుంది. జీతం పడ్డ వారం రోలా వైపు వెళ్ళడం, ఒకటో రెండో తెచ్చి అందులో వేయడం. బాపుకి నొప్పుల తైలం, అమ్మకి మెత్తటి దుప్పటి, తమ్ముడికి సెంటు, మేనకోడళ్ళకి చాక్లెట్లు, ఇంటి పక్కవాళ్ళకి సబ్బులు, అందరికీ ఖర్జూరాలు, బాదంపప్పు, టాంగ్ డబ్బా. ఒకప్పుడు ఈ డబ్బా పక్కన టీవీ పెట్టె కూడా ఉండేది. 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీలకి మన కస్టమ్స్‌లో సుంకం కట్టాల్సి రావడంతో ఆ ముచ్చట పోయింది.

మా టికెట్లకి మనిషికి 30 కిలోల సామాను, చేతిసంచి ఇంకో 7 కిలోలు. చిన్నోడు కూడా ఫుల్ టికెట్టే కాబట్టి వాడికీ 30 కిలోలు. వాడి బరువు 14 కిలోలు. "వీని కంటె వీని సామానే డబుల్ ఉంది" అని మా ఇంటామె నవ్వింది.

మా పిల్లలకి ఈ డబ్బా ఒక ఆట. బిడ్డ మార్కర్‌తో అన్ని పక్కలా మా పేరు, ఊరు, జిల్లా ఇంగ్లీషులో రాస్తుంది. చిన్నోడు డబ్బా నిండేదాకా అందులోనే కూర్చుంటాడు. వాడి దృష్టిలో విమానం అంటే అదే. రోజూ ఒకసారి షార్జాలో ఎక్కి జగిత్యాలలో దిగుతాడు. "తాతా, వచ్చిన" అని అరుస్తాడు. ఫోన్లో మా బాపు అది విని, నిజంగానే వచ్చినంత సంతోషపడతాడు.

ఇంకో సంగతి. మనం పోయే సెలవులు, మన ఊరి పిల్లల సెలవులు ఎప్పుడూ కలవవు. తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళు జులై మొదట్లో మూస్తారు. మనం పోయేసరికి మామిడిపండ్లు అయిపోతాయి, అక్కడి పిల్లలు పొద్దున్నే బ్యాగులు వేసుకుని బడికి పోతుంటారు. మన పిల్లలు అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా వాళ్ళ కోసం చూడాలి. పోయినసారి మా బిడ్డ అదే చేసింది. ఈసారి ఆమె కూడా వాళ్ళతోపాటు బడికి పోతుంది. అది ఆమెకి తెలియదు.

కాగితం మీద లెక్క

ఈ నిర్ణయం కోపంలోనో తొందరలోనో తీసుకున్నది కాదు. మార్చి నెలలో ఒక ఆదివారం పిల్లలు పడుకున్నాక నేనూ, మా ఇంటామె కాగితం మీద లెక్క వేశాం. సైట్లో స్టీలు లెక్క, సిమెంటు లెక్క రోజూ వేసే మనిషిని. ఇంటి లెక్క వేయడానికి మాత్రం ఆరేళ్ళుగా భయపడుతూ వచ్చాను.

నా జీతం అన్నీ కలిపి నెలకి 6,500 దిర్హాములు. ఏడాదికి 78 వేలు. ఇంటి అద్దె 30 వేలు ఉండేది, ఈసారి 36 వేలు అన్నారు. బిడ్డ స్కూలు, బస్సు, పుస్తకాలు కలిపి 10 వేలు. వచ్చే ఏప్రిల్‌లో చిన్నోణ్ణి కేజీలో వేస్తే ఇంకో 8,500. తిండి, కరెంటు, ఫోన్లు నెలకి 1,800 చొప్పున 21,600. ఊరికి పంపేది నెలకి 800 చొప్పున 9,600. మొత్తం 85,700. అంటే ఏడాదికి 7,700 తక్కువ. ఈ లెక్కలో విమానం టికెట్లు లేవు, జ్వరాలు లేవు, చుట్టాల పెళ్ళిళ్ళు లేవు. ఊళ్ళో కట్టిన ఇంటి అప్పు, బాపు మోకాలి ఆపరేషన్‌కి తెచ్చిన అప్పు అసలే లేవు.

నేను క్యాంపుకి పోతే అద్దె లేదు. గది కంపెనీదే. మెస్సుకి ఐదారు వందలు సరిపోతాయి. పిల్లల్ని ఊరి దగ్గర మంచి స్కూల్లో వేసినా, ఇంటి ఖర్చు పంపినా, రెండేళ్ళలో రెండు అప్పులూ తీరతాయి.

మా ఇంటామె ఆ కాగితం చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కటే మాట అన్నది. "సరే, రెండేండ్లు. మూడో ఏడు నన్ను అడగొద్దు. ఉంటే నలుగురం ఇక్కడుండాలె, లేకుంటే నలుగురం అక్కడుండాలె." నేను ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో టికెట్లు తీశాను. బడి మూసిన మొదటివారం రేట్లు మండిపోతాయని జులై మూడో వారానికి తీశాను. నాకు రానుపోను, కంపెనీ ఖర్చు. వాళ్ళ ముగ్గురికి పోయేది ఒక్కటే.

టికెట్లు బీరువాలో బట్టల కింద పెట్టాం. పిల్లలకి చెప్పొద్దు, ఊరికి పోయాక మెల్లగా తెలుస్తుందిలే అనుకున్నాం. చాలామంది అలాగే చేస్తారు, మేమూ అదే దారి పట్టాం.

"జులైల స్వెటర్లు ఎందుకమ్మా?"

అనుకున్నంత సులువు కాలేదు. నిజానికి ఇంట్లో రెండు రకాల సర్దుడు నడుస్తోంది. ఒకటి మంచం కింద డబ్బాలో, పిల్లల ముందు. ఇంకొకటి రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక. మొదటి డబ్బాలో ఊరివాళ్ళకి ఇచ్చేవి. రెండో దాంట్లో మా ఇల్లు. పిల్లల చలికాలం బట్టలు, బిడ్డ పాత పుస్తకాలు, చిన్నోడి పుట్టినరోజు ఫోటోలు, మిక్సీ. వీటిని సముద్రం మీద పోయే కార్గోలో వేస్తే తక్కువలో పోతాయి, కాకపోతే రోజులు పడతాయి. అందుకని ముందే పంపాలి.

ఒకరోజు బిడ్డ ఆ డబ్బా తెరిచి చూసింది. "జులైల స్వెటర్లు ఎందుకమ్మా? అక్కడ వానలు గదా?" అని అడిగింది. మా ఇంటామెకి ఏం చెప్పాలో తోచక "తాతకు" అన్నది. "తాతకు నా సైజు స్వెటరా?" అని బిడ్డ నవ్వింది. మా ఇంటామె కూడా నవ్వింది. ఆ రాత్రి నాకు చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇంకోటి తెలుగు అక్షరాలు. ఇక్కడి స్కూల్లో మా బిడ్డ ఇంగ్లీషు, హిందీ, అరబిక్ చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు తప్పకుండా చదవాలి. మూడో తరగతి పిల్ల అ, ఆ రాకుండా పోయి కూర్చుంటే తోటి పిల్లలు నవ్వుతారని మా ఇంటామె భయం. ఏప్రిల్ నుంచి రోజూ సాయంత్రం అరగంట దిద్దిస్తోంది. "ఎండాకాలం పోటీ" అని పేరు పెట్టింది. పది అక్షరాలకి ఒక ఐస్‌క్రీం.

బిడ్డ జూన్ నాటికి గుణింతాల దాకా వచ్చింది. ఒకరోజు పెన్సిలు కింద పెట్టి, "మనం ఉండేది నెలన్నర. అంతకే ఇన్ని అక్షరాలు ఎందుకు?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. "బాపమ్మకు ఉత్తరం రాద్దువు" అన్నాను. "బాపమ్మకు చదువ రాదు గదా డాడీ" అన్నది. నిజమే. మా అమ్మ బడికి పోలేదు.

అబద్ధం ఆడటం కూడా ఒక పనే. పని తెలియని వాళ్ళం కాబట్టి రోజుకొక చోట దొరికిపోతున్నాం.

పైగా నేను ఇంట్లో ఉండేదే తక్కువ. ఈ ఎండల్లో పగలు కాంక్రీటు పోస్తే నీళ్ళు తొందరగా ఆవిరైపోయి పగుళ్ళు వస్తాయి. అందుకని వేసవిలో స్లాబులు రాత్రిపూటే పోస్తాం. నేను పొద్దున్నే ఇంటికొచ్చేసరికి బిడ్డ స్కూలు బస్సు కోసం కింద నిలబడి ఉంటుంది. నా బట్టల నిండా సిమెంటు ఉంటుందని దగ్గరికి రాదు, దూరం నుంచే చెయ్యి ఊపుతుంది. ఇంక ఇన్ని వారాలే కదా ఇలా చూసేది అని లెక్క పెట్టుకునేవాణ్ణి. ఆ లెక్క తెలిసింది నాకే, ఆమెకి తెలియదు. అదే నాకు బాగా కష్టమనిపించింది.

పన్నెండున్నర విరామంలో విన్న మాట

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. ఆ రెండున్నర గంటలు మనవాళ్ళంతా నీడకి చేరతారు. అన్నం తిని, ఊరికి ఫోన్ చేసి, నడుం వాలుస్తారు. మనకి పన్నెండున్నర అంటే అక్కడ రెండు గంటలు.

మా సైట్లో మెట్‌పల్లి దిక్కు షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన భార్యాపిల్లలు ఎప్పుడూ ఊళ్ళోనే. ఆయన జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. సజా క్యాంపులో ఉంటాడు. పగలు డ్యూటీ పడ్డ ఒకరోజు ఆయన పక్కన కూర్చుని మాటల్లో నా సంగతి చెప్పాను. "పిల్లలకు ఊరికి పోయినంక చెప్తం అన్నా. లేకుంటే నేను వచ్చేనాడు చెప్తం" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి చెప్పాడు.

"సారూ, మా పిలగానికి నాలుగేండ్లున్నప్పుడు నేను సెలవుకు పోయిన. రెండు నెలలు నా మెడ దిగలే వాడు. వచ్చేనాడు ఏడుస్తడని చెప్పలే. రాత్రి వాడు పండుకున్నంక లేచి, చెప్పులు చేతుల పట్టుకొని బయటకొచ్చి బస్సెక్కిన. మంచి పని చేసిన అనుకున్న. మళ్ళ రెండేండ్లకు పోయిన. వాడు పగలంత మంచిగనే ఉండె. రాత్రయితే పండుకోకపోయేది. కండ్లు మూతలు పడుతున్నా లేచి కూసునేది. ఎందుకురా అంటే చెప్పడు. వాళ్ళవ్వ అడిగితే చెప్పిండట, 'పండుకుంటే బాపు పోతడు' అని."

ఇంతే చెప్పి తలకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. నాకు ఆ పూట నడుం వాలలేదు.

మా పనిలో స్లాబు పోసిన తర్వాత కింద జాకీలు ఉంటాయి. బరువు మోసే శక్తి వచ్చేదాకా వాటిని ముట్టుకోనివ్వం. తీసేటప్పుడు కూడా అందరికీ చెప్పి, ఒక వరసలో తీయిస్తాం. చెప్పకుండా ఒక్కసారే లాగేవాణ్ణి నేనే సైట్ బయటకి పంపిస్తాను. ఇంట్లో మాత్రం నేను చేయబోయేది అదే.

చెప్పిన రోజు

ఆ వారం ఆదివారం, జూన్ నెల మూడో ఆదివారం. సాయంత్రం ఎండ తగ్గాక నలుగురం కార్నిష్ దగ్గరికి వెళ్ళాం. చిన్నోడు గడ్డిలో పరిగెడుతున్నాడు. మేమిద్దరం బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకున్నాం గానీ నోరు తెరిచేసరికి అన్నీ మర్చిపోయాను. నేరుగా చెప్పేశాను. "బిడ్డా, ఈసారి ఊరికి పోయినంక నువ్వు, అమ్మ, తమ్ముడు అక్కడనే ఉంటరు. నువ్వు అక్కడ బడికి పోతవ్. నేను వచ్చి ఇక్కడ పని చేస్త. అప్పు తీరుదాక."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకు తెలుసు" అన్నది. ఎట్లా తెలుసని అడిగితే, అక్షరాలు, స్వెటర్లు, ఇంకా "అమ్మ కొత్త యూనిఫాం కొనలే" అని వేళ్ళు లెక్కపెట్టి చెప్పింది. నెల రోజులుగా తెలుసట. మేము బాధపడతామని అడగలేదట. మేము ఆమె కోసం దాస్తే, ఆమె మా కోసం దాచింది.

తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. తమ్మునికి తెలుసా? నా బస్సు సీటు ఎవరికిస్తరు? నువ్వు ఎవరితోని అన్నం తింటవ్? మొదటి రెండింటికి జవాబు చెప్పగలిగాను.

ఏడుపు మరునాడు వచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున బస్సు దగ్గర చెయ్యి కూడా ఊపలేదు. "అప్పు నీదైతే నేనెందుకు పోవాలె" అని వాళ్ళమ్మని అడిగిందట. న్యాయమైన ప్రశ్నే. మా ఇంటామె కాగితం తీసి, మేం వేసుకున్న లెక్క ఆమెకి అర్థమయ్యేటట్టు మళ్ళీ వేసి చూపించింది. మూడో తరగతి పిల్లకి కూడికలు, తీసివేతలు వచ్చు కదా. చివర్లో తక్కువ పడ్డ అంకె ఆమెతోనే రాయించింది. నేనైతే ఆ పని చేసేవాణ్ణి కాదు. కానీ అది చూశాకే బిడ్డ కొంచెం మెత్తబడింది.

ఇక్కడొక మాట చెప్పాలి. మేం ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే స్కూలు మూసేసేవారు. బిడ్డ తన స్నేహితులకి మామూలు సెలవులకి చెప్పినట్టు టాటా చెప్పి వచ్చేది. మళ్ళీ ఆ తరగతి ముఖం చూసేది కాదు. ముందే చెప్పడం వల్ల ఆమెకి పది, పన్నెండు రోజులు దొరికాయి. ఒక నోట్‌బుక్కులో అందరితో పేర్లు రాయించుకుంది. పక్క సీటు మలయాళీ పిల్ల ఏకంగా మూడు పేజీలు రాసింది. బస్సు డ్రైవర్ పెషావర్ వైపు పెద్దాయన, ఆయన ఉర్దూలో ఏదో రాశాడు. అది చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. అయినా ఆ పేజీ ఆమెకి బాగా ఇష్టం.

చిన్నోడికి వాడి వయసుకి తగ్గట్టు చెప్పాం. "డాడీ కొన్ని రోజులు ఫోన్ల ఉంటడు" అని. వాడు నా ఫోన్ తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు, ఎక్కడ పడతానా అన్నట్టు.

ఊళ్ళో ఇంకో సంగతి

ఊళ్ళో అమ్మాబాపులకి మే నెలలోనే చెప్పాం. అమ్మకి సంతోషం పట్టలేదు. మనవలు ఇంట్లో ఉంటారు, పొద్దున్నే లేపి బడికి పంపొచ్చు. ఆమె అప్పుడే పక్కింట్లో చెప్పి పాలు కూడా మాట్లాడి పెట్టింది. బాపు మాత్రం ఫోన్లో గొంతు తగ్గించి, "నా కాలు ఖర్చుకేనా ఇదంత?" అని అడిగాడు. "కాదు బాపూ, ఇంటి అప్పే ఎక్కువ" అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. పిల్లలకి చెప్పడం నేర్చుకున్నాను గానీ బాపుకి చెప్పడం ఇంకా రాలేదు.

మా ఇంటామె గురించి కూడా ఒక మాట. ఇలాంటి నిర్ణయాల్లో మనం "ఫ్యామిలీని పంపించేశాను" అని ఒక్క ముక్కలో చెప్తాం, సామాను పంపినట్టు. ఆరేళ్ళు ఈ రెండు గదుల ఇంటిని ఆమె నడిపింది. ఇక్కడ ఆమెకి సొంత వంటిల్లు, సొంత తాళంచెవి, కింద అంగట్లో సొంత ఖాతా ఉన్నాయి. ఇప్పుడు అత్తగారింట్లో అందరి మధ్య, భర్త లేకుండా, ఇద్దరు పిల్లల బడి, జ్వరాలు, ఫీజులు, ఇంకా మా బాపు ఆస్పత్రి కూడా చూడాలి. అప్పు తీర్చేది నా జీతం అని ఊళ్ళో అనుకుంటారు. అందులో సగం ఆమె తీరుస్తోందని నాకు తెలుసు.

వెళ్ళేముందు చూసుకోవాల్సినవి

మా అనుభవంలో తెలిసినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పిల్లలతో పోయే ఎవరికైనా పనికొస్తాయి.

పిల్లల పాస్‌పోర్టు పెద్దల పాస్‌పోర్టులా పదేళ్ళు ఉండదు, ఐదేళ్ళకే అయిపోతుంది. టికెట్ తీయకముందే తేదీ చూసుకోండి. మా చిన్నోడిది ఉంది కదా అని ధీమాగా ఉంటే, బిడ్డది దగ్గరపడిందని చివర్లో తెలిసి పరుగెత్తాల్సి వచ్చింది.

పిల్లల్ని అక్కడే ఉంచేటట్టయితే టి.సి. కోసం స్కూలు మూసేముందే రాసివ్వండి. సెలవుల్లో ఆఫీసులో మనిషి దొరకడం కష్టం. టి.సి. మీద ఏయే ముద్రలు కావాలో అక్కడ చేర్చే బడిని ముందే అడిగి తెలుసుకోండి. అక్కడ జూన్‌లోనే చదువు మొదలవుతుంది కాబట్టి, పోయిన పాఠాలు ఏమిటో కనుక్కుంటే పిల్లలు తొందరగా అందుకుంటారు.

ఇక్కడి రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్ళు ఆరు నెలలకి మించి దేశం బయట ఉంటే మామూలుగా ఆ వీసా చెల్లదు. మేం ముగ్గురి వీసాలు ఇప్పుడే రద్దు చేయించలేదు. ఆరు నెలల్లోపు మనసు మారినా, పరిస్థితి మారినా ఒక తలుపు తెరిచి ఉంటుందని. ఎవరి సంగతి వాళ్ళు చూసుకుని నిర్ణయం తీసుకోవాలి.

వాట్సాప్ కాల్ ఇక్కడి నుంచి కలవదు. ఇక్కడ పనిచేసే యాప్ ఊళ్ళో పెద్దవాళ్ళ ఫోన్లో వేసి, ఎలా ఎత్తాలో మీరు అక్కడ ఉండగానే నేర్పించి రండి. మా ఇంట్లో ఆ బాధ్యత బిడ్డ తీసుకుంది. రోజూ ఊరి టైం రాత్రి ఎనిమిదికి కాల్. ఇక్కడ ఆరున్నర. నాకు రాత్రి డ్యూటీ ఉన్నా ఆ టైంకి ఇంకా బయల్దేరను.

పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లోపలికి వేసే సామానులో వేయకూడదు. పిల్లల ఒక జత బట్టలు, ఇష్టమైన బొమ్మ ఒకటి కూడా చేతిసంచిలోనే ఉండాలి. షార్జా నుంచి హైదరాబాద్‌కి మూడున్నర గంటలే. శంషాబాద్ నుంచి మా ఊరికి ఇంకో ఐదు గంటలు కారు. ఆ ఐదు గంటలే పిల్లల్ని సతాయిస్తాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది, చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే ఇక్కడ ఉండగానే, బడి మూయకముందే చెప్పండి. పోతున్నామన్నా, ఉంటున్నారన్నా, మళ్ళీ ఎప్పుడు కలుస్తామన్నా సరే. పిల్లలకి తెలియదనుకుంటాం, వాళ్ళకి ముందే తెలుస్తుంది. తెలిసి ఒంటరిగా మోస్తుంటారు. చెబితే కనీసం మనతో పోట్లాడొచ్చు. మా బిడ్డ రెండు రోజులు పోట్లాడింది. మూడో రోజు వచ్చి, "డాడీ, నువ్వు పోయేనాడు నన్ను లేపుతవా?" అని అడిగింది. ఆ కార్పెంటర్ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయినా అడిగింది. లేపుతానని మాటిచ్చాను.

ఈ రాత్రి

ఇది రాస్తున్నప్పటికి ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది. కార్గో డబ్బాలు పోయాయి. మంచాలు అమ్మేశాం, కొన్నవాళ్ళు మేం పోయేరోజు వచ్చి తీసుకెళ్తారు. ఇల్లంతా మాట్లాడితే గుంయ్‌మంటోంది. చిన్నోడికి అది భలే సరదాగా ఉంది, గదిగదికీ పోయి తన పేరు అరుచుకుంటున్నాడు.

బిడ్డ ఇందాక నా క్యాంపు బ్యాగు సర్దింది. ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక చెంచా పెట్టింది. తర్వాత ఏమనుకుందో, వంటింట్లోకి పోయి ఇంకో ప్లేటు తెచ్చి పెట్టింది. ఎందుకని అడిగితే, "నీతోని ఎవరన్న తినాలె గదా" అన్నది.

సెప్టెంబర్ మొదట్లో తిరిగొచ్చి క్యాంపులో చేరతాను. రెండో ప్లేటు ఎవరికివ్వాలో నాకు తెలుసు. మెట్‌పల్లి అన్నని మొదటి రోజే భోజనానికి పిలుస్తాను.

- షార్జా నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్